కాంపౌండరుగారి పలకల వాచీ

ఆ వీధి క్లినిక్కులో డాక్టరమ్మ మందు రాస్తే సగం జబ్బు తగ్గేది. మిగతా సగం అంతకు ముందే, కాంపౌండరు నాడి పట్టుకున్నప్పుడే తగ్గిపోయి ఉండేది. ఇది ఊరంతా ఒప్పుకున్న సంగతి. కాంపౌండరైతే రోజుకు రెండు మూడు సార్లు ఒప్పుకునేవాడు.

ఇరవై ఆరేళ్ళుగా అదే బల్ల, అదే పీట, అదే పద్ధతి. రోగి వచ్చి కూర్చోగానే కుడిచేతి మూడు వేళ్ళు వాడి మణికట్టు మీద ఆనిస్తాడు. ఎడమచేతి వాచీ వైపు తల వంచుతాడు. పెదవులు బిగిస్తాడు. ఆ నిమిషంసేపు గదిలో ఈగ కూడా కూర్చున్న చోటు నుంచి లేవదు. తర్వాత ఒక అంకె చెప్తాడు. డాక్టరమ్మ ఆ అంకె కాగితం మీద వేసుకుంటుంది. మళ్ళీ తను చూసుకోదు. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి కూడా చూసుకోలేదు. అంత చదువు చదివిన మనిషి తన అంకెను కళ్ళు మూసుకుని నమ్మడమంటే, బడి గోడ దూకి పారిపోయిన కాంపౌండరుకి అది గోడకి తగిలించుకోనక్కర్లేని పట్టా.

ఆయన వేళ్ళు పడితే చచ్చినవాడి నాడి కూడా మొహమాటానికి రెండుసార్లు కొట్టుకునేదని చెప్పుకునేవారు. చెప్పుకునేది ఎక్కువగా ఆయనే. ఓసారి కరెంటు స్తంభం మీద చెయ్యి వేసి, "సాయంత్రంలోగా పోతుంది" అన్నాడట. పోయింది. ఆ ఊళ్ళో కరెంటు రోజూ సాయంత్రం పోతుందన్న సంగతి మాత్రం ఆ కథలో రాదు.

ఇంత వైభవమూ నడిచింది ఒక స్టీలు వాచీ మీద. గిన్నె మూతంత ఉండేది. దాని సెకన్ల ముల్లు ఎర్రగా, పొడుగ్గా, పరీక్ష గదిలో మాస్టారిలా ఒక్క క్షణం ఆగకుండా తిరిగేది. దాన్ని చూసే ఆయన లెక్కపెట్టేవాడు. సెల్‌ఫోన్లు ఇంకా జేబుల్లోకి రాని రోజులవి. క్లినిక్కు గోడ గడియారం ఎప్పుడో అలిగి ఆగిపోయింది. డాక్టరమ్మ వాచీ సగం తలుపు అవతల, లోపలి గదిలో ఆవిడ చేతికే ఉండేది. రోగులు కూర్చునే గదిలో సెకను అనే వస్తువు దొరికేది ఆయన చేతి మీదే.

క్లినిక్కు ఎదురుగా వాచీలు బాగుచేసే కొట్టు. కొట్టువాడు కంట్లో అద్దం బిగించుకునే పుట్టాడని, అది తీస్తే కన్ను కూడా ఊడొస్తుందని అనుకునేవారు. అసలు పేరు అందరూ మర్చిపోయి భూతద్దం అనే పిలిచేవారు. ఆ భూతద్దం ఒకరోజు తన అద్దాల బీరువా పై అరలో ఒక పాత బంగారు వాచీ పెట్టాడు. కాంపౌండరు జారిపడింది ఆ పై అర మీంచే.

వాచీ అంటే గుండ్రంగా ఉంటుందని అప్పటిదాకా ఆయన నమ్మకం. ఇది నిలువుగా, చిన్న పలకలా ఉంది. నాలుగు మూలలూ ఎవరో బొటనవేలితో ఏళ్ళ తరబడి నిమిరినట్టు మెత్తబడ్డాయి. బంగారం కూడా కొత్తదానిలా కళ్ళలో పొడవడం లేదు, తేనె సీసా వెనక దీపం పెట్టినట్టు లోపల్నుంచి వెలుగుతోంది. ముఖం పాత ఫోటో వెనకవైపు అట్ట రంగు. అంకెలు లేవు. పైన ఒక గీత, కింద ఒక గీత, పక్కల చెరొక గీత. జుట్టుపోగంత ముళ్ళు రెండు. అంతే. అంత తక్కువ పెట్టుకుని అంత దర్జాగా ఉన్నదాన్ని ఆయన వస్తువుల్లోనూ చూడలేదు, మనుషుల్లోనూ చూడలేదు.

ఏడు నెలలు చూశాడు. మందుసీసాకి కాగితం అంటించడానికి జిగురు కావాలన్నా ఎదురు కొట్టుకే వెళ్ళేవాడు.

"ఏం బాబాయ్, దాని నాడి కూడా చూస్తావా?" అన్నాడు భూతద్దం.

"అంకెలు లేవేమిట్రా దీనికి?"

"అంకె చూసి టైము చెప్పేవాడు గుమాస్తా. గీత చూసి చెప్పేవాడు దొర."

"సరిగ్గా చూపిస్తుందా?"

"నువ్వింకా స్టీలు వాచీ ప్రశ్నలే అడుగుతున్నావు. ఇది టైము చూసుకునేవాళ్ళ వాచీ కాదు బాబాయ్. టైము ఉన్నవాళ్ళ వాచీ."

ఆ మాటకి అర్థమేమిటో భూతద్దానికీ తెలియదు. కాంపౌండరుకి మాత్రం వారం రోజులు అన్నం సహించలేదు. జీతంతో అయ్యే పని కాదు గనక ఎనిమిదో రోజు తన స్కూటరు తీసుకెళ్ళి కొట్టు ముందు నిలబెట్టాడు. వాచీ తీసుకుని, తాళం చెవి ఇచ్చేసి, నడిచి ఇంటికొచ్చాడు. మర్నాటి నుంచి బంగారు వాచీ పెట్టుకుని రోజూ ఇరవై నిమిషాలు ఆలస్యంగా పనిలోకి వెళ్ళడం మొదలైంది.

స్టీలు వాచీ ఉంచుకున్నా బతికిపోయేవాడు. దాన్ని బావమరిదికి దానం చేశాడు, అదీ ఇంటినిండా చుట్టాలు ఉన్నప్పుడు. బావమరిది బస్సు కండక్టరు. "నీకు సెకన్లతో పని. నాకింక వాటితో పనిలేదు. తీసుకో," అన్నాడు. చుట్టాలు ఆ మాట వేదాంతం అనుకున్నారు. నిజానికి అది బంగారు వాచీకి సెకన్ల ముల్లు లేదన్న వార్త. ఆ వార్త చెప్తున్నవాడికే ఇంకా తెలియదు. ఏడు నెలలు రెప్ప వెయ్యకుండా చూసినవాడికి ఒక ముల్లు తక్కువుందని కనపడలేదు. పెళ్ళిచూపుల్లో కూడా ఇంతకంటే జాగ్రత్తగా చూస్తారు.

ఇంట్లో ఆ వాచీకి దక్కిన మర్యాద అంతంత మాత్రమే. రోజూ పొద్దున్నే కుర్చీలో కూర్చుని, కాలి మీద కాలేసుకుని, దానికి కీ ఇచ్చేవాడు. ఇల్లాలు చీపురు ఆపి చూసేది.

"మీకు ఆ భూతద్దం కీ ఇచ్చాడు. మీరు దానికి ఇస్తున్నారు. రోజు గడిచిపోతోంది," అనేది.

అత్తగారు అంతకంటే మర్యాదస్థురాలు. గుండె జబ్బు వచ్చినప్పటి నుంచి కూతురి దగ్గరే ఉంటోంది. అల్లుణ్ణి ఏనాడూ మీరు అనే తప్ప పిలవలేదు. ఆ మీరులో ఆవిడ పెట్టగలిగినంత వెటకారం ఇంకొకరు తిట్టులో కూడా పెట్టలేరు.

"అల్లుడుగారూ, మీ ఇత్తడి బిళ్ళలో టైమెంతయిందండీ?"

"అత్తగారూ, అది బంగారం."

"కాదని ఎవరన్నారు? ఇత్తడి కూడా ఎండలో పెడితే తనని తాను అదే అనుకుంటుంది."

ఈ అత్తగారి గుండెకి డాక్టరమ్మ ఒక మాత్ర ఇచ్చింది. మంచి మాత్రే, కానీ మొండిది. ఎగిరెగిరి పడే గుండెను నెమ్మది చేస్తుంది, ఒంట్లో పేరుకుందంటే మరీ నెమ్మది చేసి ఆపినా ఆపుతుంది. అందుకని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. "రోజూ పొద్దున నాడి చూడు. అరవై పైన ఉంటేనే మాత్ర వెయ్యి. అరవైకి దిగిందా, ఆపేసి నా దగ్గరికి రా." ఆ నాడి చూసే పని కాంపౌండరుదే. ఊరికంతా చూసే చెయ్యి ఇంట్లో ఉండగా ఇంకెవరు చూస్తారు?

బంగారు వాచీతో మొదటిరోజు క్లినిక్కులో మొదటి రోగి రొట్టెల కొట్టాయన. కాంపౌండరు పొడుగు చేతుల చొక్కా వేసుకొచ్చాడు. ఎండ మండిపోతున్నా మణికట్టు బొత్తాం పెట్టుకున్నాడు, వాచీ చొక్కా అంచు కిందికి జారి మళ్ళీ బయటికొచ్చే సోయగం కోసం. మూడు వేళ్ళు ఆనించాడు. ఎడమచెయ్యి చాచాడు. వాచీ జారి బయటికొచ్చింది. తల వంచాడు. లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

రెండు ముళ్ళూ మధ్యాహ్నం నిద్రపోతున్న పెద్దమనుషుల్లా ఉన్నచోటే ఉన్నాయి. ఎంతసేపు చూసినా కదలవు. పోనీ పెద్ద ముల్లు ఒక నిమిషం జరిగేదాకా చూద్దామంటే, నాలుగు గీతల మధ్య నిమిషమెక్కడుందో గుర్తు లేదు. రొట్టెల కొట్టాయన ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. వెనక పదిమంది చూస్తున్నారు. సెకన్ల ముల్లు లేదని చెప్పొచ్చు. ఇరవై ఆరేళ్ళ పేరు, ముల్లు లేక ఆగిందని చెప్పొచ్చు.

"డెబ్భై రెండు," అన్నాడు కాంపౌండరు.

ఆరోగ్యవంతుడి నాడి అంతుంటుందని పుస్తకంలో ఉంది. రొట్టెల కొట్టాయన ముఖం విచ్చుకుంది. "పోయినసారి తొంభై నాలుగన్నారు. మందు బాగా పనిచేసిందన్నమాట," అని డాక్టరమ్మని చూడకుండానే వెళ్ళిపోబోయాడు.

అబద్ధంలో అంత మంచితనం ఉందని కాంపౌండరు అనుకోలేదు. ఆ రోజు అందరికీ అదే పంచాడు. వారం తిరిగేసరికి కొంచెం తెలివి వచ్చి, ఒకే అంకైతే బాగోదని, ముఖం చూసి వెయ్యడం మొదలుపెట్టాడు. సన్నగా ఉంటే డెబ్భై. లావుగా ఉంటే డెబ్భై ఆరు. మెట్లెక్కి రొప్పుతూ వస్తే ఎనభై. కొత్త బట్టలు వేసుకొస్తే డెబ్భై నాలుగు. అనుమానం వచ్చిన చోటల్లా డెబ్భై రెండు. ఇంట్లో అత్తగారికి రోజూ డెబ్భై రెండే, ఆవిడతో చర్చ పెట్టుకునే ఓపిక లేక.

"ఏమయ్యా, ఈ నెల ఊళ్ళో గుండెలన్నీ బుద్ధిగా ఉన్నాయే," అంది డాక్టరమ్మ ఒకరోజు కాగితాలు తిరగేస్తూ.

"చల్లబడింది కదమ్మా వాతావరణం," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

ఆ సాయంత్రం బస్టాండుకి వెళ్ళి బావమరిదిని పక్కకి పిలిచాడు. "ఆ స్టీలు వాచీ ఓ నాలుగు రోజులు ఇస్తావేమిటి?"

"ఎందుకు బావా? నీకు సెకన్లతో పనిలేదన్నావుగా."

"ఊరికే. సరదాకి."

"అలాగే ఇస్తాను. నలుగురిలో ఇచ్చావు కాబట్టి నలుగురిలో అడుగు. చుట్టాలందర్నీ మళ్ళీ పిలుస్తాను, అడుగు."

కాంపౌండరు నవ్వి, వాడి భుజం తట్టి, తిరిగొచ్చేశాడు. ఆ నవ్వు ఇంటికొచ్చేదాకా ముఖం మీద అలాగే అతుక్కుని ఉంది, దించడానికి మనిషి సాయం కావాల్సినంతగా.

రెండో నెలలో అత్తగారికి మూడు రోజుల నుంచి అన్నం సహించలేదు. రెండుసార్లు వాంతి అయింది. ఏదో పడలేదనుకున్నారు. మూడో రోజు పొద్దున కాంపౌండరు మామూలుగానే ఆవిడ చెయ్యి పట్టుకుని, మంచం పక్కనున్న నాడి కాగితం మీద డెబ్భై రెండు అని రాసి, మాత్ర వేశాడు. తర్వాత కుర్చీలో కూర్చుని వాచీకి కీ ఇస్తున్నాడు.

"అల్లుడుగారూ," అంది అత్తగారు మంచం మీంచి. గొంతులో వెటకారం లేదు. "ఇన్నాళ్ళూ నేనే పొరపడ్డాను. అది బంగారమేనండీ."

కాంపౌండరు చెయ్యి కీ మీద ఆగిపోయింది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆవిడ నోట పొరపాటు అన్నమాట మొదటిసారి వింటున్నాడు, అదీ ఆవిడదే.

"ఏమేవ్, ఒకసారి ఇలా రా," అని పెళ్ళాన్ని పిలిచాడు. "అత్తగారు ఏదో అంటున్నారు. ఆ చీపురు అక్కడ పడేసి విను."

"బంగారమే," అంది అత్తగారు. "చుట్టూ వెలుగు కూడా వస్తోంది. మీ ముఖం కూడా బంగారంలా ఉంది."

ఆ రెండో మాట కూడా కాంపౌండరుకి సబబుగానే తోచింది. కాలర్ సర్దుకున్నాడు.

"ఆ బక్కెట్టు కూడా," అంది ఆవిడ. "ఆ గోడ కూడా. ఇంత బంగారం పెట్టుకుని నా కూతురి చేత చీపురు పట్టించడమేమిటండీ?"

బక్కెట్టు స్టీలుది. గోడ సున్నం కొట్టి నెల కాలేదు, తెల్లగా మెరుస్తోంది.

కాంపౌండరు కుర్చీలోంచి లేచాడు. ఆ మాత్ర వాడేవాళ్ళందరికీ తనే ఇరవై ఆరేళ్ళుగా చిలక పలుకుల్లా చెప్తున్న మాటలు చెవిలో పడ్డాయి. అన్నం సహించకపోయినా, వాంతులైనా, కళ్ళకి అన్నీ పచ్చగా కనిపించినా మాత్ర ఆపి పరుగెత్తుకురండి. ఆవిడ ఒప్పుకున్నది బంగారం కాదు. ఒంట్లో మాత్ర పేరుకుపోయింది.

వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు. ఈసారి నిజంగా పట్టుకున్నాడు. వేళ్ళ కింద ఒకటి కొట్టుకుంది. తర్వాత మళ్ళీ కొట్టాలా వద్దా అని ఆలోచించుకుంటున్నట్టు చాలాసేపు ఊరుకుంది. తర్వాత ఇంకొకటి. నెమ్మది అని తెలుస్తోంది. ఎంత నెమ్మదో తెలియడం లేదు. వాచీ వైపు చూశాడు. వాచీ ఎప్పటిలా చాలా అందంగా ఉంది.

స్కూటరుంటే నాలుగు నిమిషాల దారి. వీధిలో వెళ్తున్న కూరగాయలాయన తోపుడుబండి మీది బుట్టలు దించేసి, గోనెపట్టా పరిచి, ఆవిణ్ణి పడుకోబెట్టి ఆయన ముందు లాగుతుంటే కాంపౌండరు వెనక తోశాడు. ఇల్లాలు నాడి కాగితం పట్టుకుని పక్కన పరుగెత్తింది.

"నన్ను అమ్మడానికి తీసుకెళ్తున్నారా అల్లుడుగారూ?" అంది అత్తగారు కళ్ళు మూసుకునే.

"మాట్లాడకండి అత్తగారూ."

"ఎంతకి అడుగుతున్నారో చెప్పండి. నా కూతురు బేరం బాగా ఆడుతుంది."

క్లినిక్కులో పదిహేడు మంది కూర్చుని ఉన్నారు. ఆవిణ్ణి నేరుగా లోపల బల్ల మీద పడుకోబెట్టారు. సగం తలుపు మీంచి పదిహేడు తలకాయలూ లోపలికి వంగాయి. డాక్టరమ్మ ఆ నాడి కాగితం అందుకుని చూసింది.

"మూడు రోజులుగా వాంతులా? ఈ మాత్ర వల్ల అనుకుందామంటే నాడి రోజూ డెబ్భై రెండు ఉంది. ఇవాళ కూడా డెబ్భై రెండే. అయితే కడుపే," అని కడుపు మందు రాయడం మొదలుపెట్టింది. ఇరవై ఆరేళ్ళ అలవాటు. చెయ్యి పట్టుకుని చూడాలన్న ఆలోచనే రాలేదు ఆవిడకి.

"ఇవాళ కొంచెం తగ్గినట్టుందమ్మా," అన్నాడు కాంపౌండరు. సగం నిజంతో గట్టెక్కుదామని.

"కొంచెమంటే ఎంత?"

వాచీ వైపు చూశాడు. డాక్టరమ్మ కూడా వాచీ వైపు చూసింది.

"నిన్న ఎంత? సరిగ్గా చెప్పు. ఇవాళే పడిపోయిందా, రోజుల తరబడి దిగుతూ వస్తోందా? పెద్దాసుపత్రిలో మొదట అడిగేది అదే."

బల్ల మీద అత్తగారు మళ్ళీ ఒకసారి ఊపిరి తీసుకుంది. ఇరవై ఆరేళ్ళలో కాంపౌండరు చాలామంది ఊపిరి చూశాడు. ఈ రకం ఊపిరి తర్వాత ఏం జరుగుతుందో ఆయనకి తెలుసు. సగం తలుపు వైపు చూడకుండా చెప్పాడు.

"తెలియదమ్మా."

"డెబ్భై రెండని రాశావుగా."

"రాశాను. చూళ్ళేదు."

"మొన్న?"

"మొన్న కూడా. ఈ వాచీకి సెకన్ల ముల్లు లేదమ్మా. ఇది వచ్చినప్పటి నుంచి నేను ఎవరి నాడీ చూళ్ళేదు. అన్నీ నా నోటికొచ్చిన అంకెలే. ఇవాళ పొద్దున మాత్ర కూడా వేసేశాను."

బయట పదిహేడు మందీ ఎవరి మణికట్టు వాళ్ళు పట్టుకున్నారు.

డాక్టరమ్మ అత్తగారి చెయ్యి తీసుకుని, తన వాచీ చూస్తూ నిమిషం లెక్కపెట్టింది. నలభై నాలుగు. కడుపు మందు రాసిన కాగితం చింపేసింది. తన కారు తాళాలు తీసింది. "పట్టు," అంది, అత్తగారి భుజాల కింద చెయ్యి వేసి. కారు పెద్దాసుపత్రికి చేరేదాకా డాక్టరమ్మ అన్నది ఆ ఒక్క మాటే. తిడితే బాగుండునని కాంపౌండరు దారి పొడుగునా కోరుకున్నాడు.

అత్తగారు ఐదు రోజులు ఆస్పత్రిలో ఉంది. మాత్ర ఆపారు, తీగలు తగిలించారు, గుండె మెల్లగా దారికొచ్చింది. సంగతంతా కూతురు చెప్తే మంచం మీద పడుకుని విన్నది. అల్లుడు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"నాకు లేని నాడి వేశారని కాదండీ నా బాధ," అంది చివరికి. "ఎదురింటావిడకి డెబ్భై నాలుగు వేశారట. నాకేం తక్కువైందని డెబ్భై రెండు?"

కాంపౌండరు తలుపు చాటుకెళ్ళి ఏడ్చాడు. ఎందుకు ఏడుస్తున్నాడో ఆయనకే తెలియలేదు, కానీ ఆగడానికి చాలాసేపు పట్టింది. ఎంతసేపని అడిగితే ఆ వాచీ చెప్పలేదు.

డాక్టరమ్మ ఆయన్ని పనిలోంచి తియ్యలేదు. తల మీద రెండు చిన్న గంటలు మోస్తూ టకటకమనే అలారం గడియారం ఒకటి తన ఇంటి నుంచి తెచ్చి, చేతిలో పెట్టి, రెండు నెలల కాగితాల కట్ట దాని మీద పెట్టింది. "ఇందులో ఉన్న ప్రతి మనిషి ఇంటికీ వెళ్ళి, మళ్ళీ చూసి, సరైన అంకె వేసుకురా. నాడి చూడటం ఎవరి చేతా నేర్పించుకోనక్కర్లేదు నువ్వు. సిగ్గు మాత్రం నేర్చుకుందువుగాని."

అలా గడియారం చంకలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు. తలుపులు ముఖం మీద వేస్తారని భయపడ్డాడు. అందరూ లోపలికి రమ్మన్నారు, కుర్చీ వేశారు. చెయ్యి మాత్రం ఇవ్వలేదు.

"నాది డెబ్భై రెండే," అన్నాడు రొట్టెల కొట్టాయన చేతులు వీపు వెనక దాచుకుని. "మీరే రాశారు. అది నమ్ముకునే రెండు నెలలుగా మూడంతస్తులు ఎక్కుతున్నాను. ఇప్పుడు తొంభై నాలుగంటే రేపు నన్ను పైకెవరు మోస్తారు?"

బతిమాలి చూస్తే తొంభై ఎనిమిది ఉంది. ఆయన అప్పటికప్పుడే మెట్టు మీద కూలబడ్డాడు.

సంగీతం టీచరమ్మ కాగితం లాక్కుని చూసింది. "నాకు ఎనభై ఎనిమిదా? అందరికీ డెబ్భైలు వేసి నాకెందుకు అంత?"

"ఆ రోజు మీరు వరసలో ఇద్దరితో పోట్లాడారండీ. అందుకని."

"ముగ్గురితో," అంది టీచరమ్మ. చెయ్యి చాచింది.

నిజంగా చూస్తే అరవై ఎనిమిది. ఊళ్ళోకెల్లా నిదానమైన గుండె ఆవిడదే. ఆవిడకి కోపం వచ్చింది.

పన్నెండో రోజు ఇంకా తొమ్మిది ఇళ్ళు మిగిలాయి. మలుపు దగ్గర బండి మీద ఇస్త్రీ చేసే ఆయన, పెట్టెలో బొగ్గులు విసురుకుంటూ, అటు వెళ్తున్న కాంపౌండరుని ఆపాడు.

"టైమెంతయిందండీ?"

కాంపౌండరు చంకలోని అలారం గడియారాన్ని ఇస్త్రీ బల్ల మీద, దాని ముఖం ఆయన వైపే ఉండేట్టు పెట్టాడు. ఖాళీ అయిన చేతిని ముందుకి చాచాడు. చొక్కా అంచు కిందనుంచి బంగారు పలక మెల్లగా జారి బయటికొచ్చింది. తల వంచాడు. పెదవులు బిగించాడు.

"పదికీ పదిన్నరకీ మధ్యలో," అన్నాడు.

బల్ల మీద గడియారం పది ఇరవై ఏడు చూపిస్తూ గుండెలు బాదుకుంటోంది. ఇస్త్రీ ఆయన దానివైపు కన్నెత్తి చూడలేదు. విసనకర్ర పక్కన పెట్టి, తడిచేతులు లుంగీకి తుడుచుకుని దగ్గరికి వంగాడు.

"కాస్త ఇటు తిప్పండి," అన్నాడు. "ఎండలో చూద్దాం."